చావని మనిషి వంతు

మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా ఆ కంప్యూటర్ ఆట సంగతి ఎత్తితే అందరూ నవ్వుతారు. నేను నవ్వను. నవ్వుకోవడానికి నేనక్కడికి పోలేదు. ఒక మనిషి మీద కసి తీర్చుకోవడానికి పోయాను, తీర్చుకునే లేచాను. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది కాబట్టి నెమ్మదిగా రాస్తాను. మరిచిపోయిందేమీ లేదు, తొందర కూడా లేదు.

తొంభైల చివరి సంవత్సరాలు. గోదావరిఖనిలో బొగ్గుగనుల కంపెనీ వాళ్లు నా కొడుక్కి ఇచ్చిన క్వార్టర్‌లో ఉండేదాన్ని. కంప్యూటర్ గురించి అప్పటికి మా కాలనీ వాళ్లకు తెలిసింది ఒక్కటే. అది కంపెనీ ఆఫీసులో చల్లగాలి మిషన్ పెట్టిన గదిలో ఉంటుంది, చెప్పులు విప్పి లోపలికి పోవాలి. ఆ ఏడాది దసరా సెలవులకు నా కూతురి బిడ్డ గోలేటి నుంచి వచ్చింది. దాని తండ్రికి అక్కడి గనిలో పని. అది ఏడో తరగతి. ఏదీ అడగని పిల్ల. బొమ్మల దుకాణం ముందు నుంచి నడిపిస్తే తల తిప్పి చూస్తుందే తప్ప నోరు తెరవదు. అడగకూడదని దాని తల్లికి నేర్పింది నేనే. తల్లి బిడ్డకు నేర్పింది.

ఆ సెలవుల్లోనే కాలనీ గ్రౌండ్‌లో ఎగ్జిబిషన్ పెట్టారు. రంగులరాట్నం, మిర్చి బజ్జీలు, గాజులు, స్టీలు సామాను. అన్నిటికీ చివర ఒక కొత్త డేరా. మంచిర్యాల నుంచి వచ్చి మా మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ సెంటర్ తెరిచిన ఒకాయన, పిల్లల్ని చేర్పించుకోవడానికి వేసిన డేరా అది. ఒక బల్ల, బల్ల మీద కంప్యూటర్, ముందు ఒక కుర్చీ, కుర్చీ వెనక అడ్డంగా కట్టిన తాడు, తాడు వెనక వరుస. ఆయన చేతిలో మైకు.

"రండి, రండి. పైస లేదు, ఉత్తగనే. కొత్త ఆట, డెమో వచ్చింది. ఒక్కలకు ఒక్కటే ప్రాణం. మీ మనిషి బతికున్నంతసేపు కుర్చీ మీదే. మనిషి సచ్చిండా, లేసి ఎన్కకు పోవాలె."

పొద్దంతా అదే మాట. బజ్జీల బండి దాకా వినపడేది. డెమో అంటే ఏమిటని మనవరాలిని అడిగాను. అసలు ఆటలోంచి కొంచెం ముక్క రుచి చూడటానికి ఇస్తారని చెప్పింది. ద్రాక్షపండ్ల బండివాడు ఒక పండు చేతిలో పెట్టినట్టన్నమాట. పండు తిని బండి దాటిపోవడం నాకు బాగా అలవాటైన పని. పోయి నిలబడమన్నాను. నేను స్టీలు సామాను దగ్గర ఒక మూత బేరం చేస్తూ ఉండిపోయాను.

నా బేరం తెగకముందే పిల్ల తిరిగి వచ్చింది. "అయిపోయిందా" అంటే "అయిపోయింది" అన్నది. ఆ పూట కంచంలో సగం అన్నం వదిలేసింది. మా ఇంట్లో అన్నం వదలడం అనేది లేదు. ఎండలో నిలబడి అలసిపోయి ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర అసలు సంగతి తెలిసింది. మా లైనులో నల్లాకు ఒక పద్ధతి ఉండేది. నీళ్లు రాకముందే బిందె తెచ్చి వరుసలో పెట్టి ఇంటికి పోవచ్చు. బిందె ఉంటే మనిషి నిలబడ్డట్టే. బిందె లేకపోతే ఒక రాయి పెట్టినా చాలు. ఆ రాయిని కాలితో పక్కకు నెట్టిన ఆడమనిషితో లైనులో ఎవరూ మాట్లాడరు, చారెడు చక్కెర కూడా బదులు ఇవ్వరు. నా బిందె వెనక బిందె పక్క క్వార్టర్ బీబీది. ఆమె భర్త లారీ మెకానిక్. ఆమె గొంతు నల్లా దగ్గర ఎత్తితే లైను చివరకు వినపడుతుంది.

"అక్కా, నీ మన్మరాలు నిన్న నీకేం చెప్పలేదా?" అన్నది బీబీ.

"ఏం చెప్పాలె?"

"ఆ పోరి మంచిగ ఆడుతుండె. నేను ఆడ్నే బజ్జీలు తింటున్న, నా కండ్లతోని చూసిన. ఆఫీసరమ్మ జీపు దిగింది. ఎంబడి మీసాలోడు ఒకడు. ఆ మైకాయన ఉరికొచ్చి నీ పోరిని భుజం పట్కొని లేపిండు. మీసాలోన్ని కూసోబెట్టిండు. బేశరమ్."

"దాని మనిషి సచ్చిండేమో."

"సావలే అక్కా, అల్లా కసమ్. మంచిగ నడుస్తనే ఉన్నడు."

నా బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా నేను చూడలేదట. నీళ్లు వృథా చేయడం నా జన్మలో అదొక్కసారే.

ఇంటికి వచ్చి మనవరాలిని పిలిచాను. బియ్యం ఏరుతూనే అడిగాను.

"నిన్న నిన్ను కుర్చీల నుంచి లేపిన్రట. ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు లొల్లి చేస్తవు."

"నేనెప్పుడు లొల్లి చేసిన?"

పిల్ల చేటలోకి చూస్తూ చెప్పింది. "మొన్న గ్యాస్ బండి కాడ. అంతకుముందు బస్సుల కండక్టర్ తోని. రేషన్ షాపుల అయితే..."

"అది లొల్లి కాదు. అడుగుడు. ఏమన్నడు ఆయన?"

"లేవు పిల్లా, సార్ వాళ్లు వచ్చిన్రు అన్నడు. నా మనిషి అప్పుడే మెట్లు దిగిండు అమ్మమ్మా. ఇంక బతికే ఉన్నడు. ఆ మీసాలాయన కూసోంగనే ఉరికిచ్చి ఉరికిచ్చి సంపిండు."

లేపినందుకు కాదు దాని బాధ. బతికున్న మనిషిని ఇంకొకడి చేతిలో పెట్టి రావలసి వచ్చినందుకు. అన్నం వదిలింది అందుకు. నేను చేట కింద పెట్టాను. మా నల్లా దగ్గర ఒక రాయికి ఉన్న మర్యాద నా మనవరాలికి లేకపోయింది.

అప్పుడే పోయి నాలుగు మాటలు అడిగి రావచ్చు. అడిగితే ఏమవుతుంది? ఆయన నవ్వి, సరే అవ్వా, రేపు తోల్కరా, ఇంకోసారి ఆడనిస్తా అంటాడు. అది బిచ్చం. నాకు కావలసింది వేరు. ఎందరి ముందు దాన్ని లేపాడో అందరి ముందు ఆయన నోటితో ఆ మాట ఒప్పుకోవాలి. దాని వంతు అయిపోకముందే లేపానని చెప్పాలి. ఆ మీసాలవాడు నిలబడి వినాలి.

ఆ సాయంత్రం మనవరాలిని తీసుకుని పోయి తాడు బయట నిలబడ్డాను. ఆడటానికి కాదు, చూడటానికి.

మొదటి చూపులో ఆ ఆట నాకు ఏమాత్రం నచ్చలేదు. తెరంతా చీకటి. మిద్దె మీద నుంచి వాకిట్లోకి చూస్తున్నట్టు అంతా కిందికి కనబడుతుంది. బొటనవేలంత మనిషి, చేతిలో కత్తి. వాడి చుట్టూ కొంచెం మేర వెలుతురు, వాడు నడిస్తే అదీ నడుస్తుంది. మొదట ఒక చిన్న ఊరు వస్తుంది. అందులో కమ్మరి కొలిమి, బావి, తెల్లగడ్డం ముసలాయన ఒకడు. ఊరి చివర పాడుబడ్డ కోట, కోటలోంచి భూమి లోపలికి మెట్లు. మెట్లు దిగితే ఎముకల గూళ్లు లేచి నడిచి వచ్చి కొడతాయి. దెబ్బ తగిలినప్పుడల్లా తెర కింద ఎర్ర పట్టీ తరుగుతుంది. పట్టీ అయిపోతే మనిషి అరిచి పడిపోతాడు. బొమ్మ బొమ్మలాగే ఉంది గానీ ఆ అరుపు నిజం మనిషి అరుపే. దారి పొడుగునా మంచి మంచి కుండలు ఉంటే, లోపల ఏమైనా ఉందేమోనని ఒక్కొక్కటే కత్తితో పగలగొడుతున్నారు. మూత తీసి చూస్తే పోయేదానికి కుండ పగలగొట్టడం ఏమిటని అడిగాను.

మొదటి షిఫ్టు దిగి స్నానాలు చేసి వచ్చిన మగవాళ్లు తాడు చుట్టూ మూగి ఒకటే నవ్వులు. మా దగ్గర గనిని బాయి అంటారు.

"అన్నా, ఇది ఏ బాయే? ఒక్కడే దిగుతున్నడు."

"హాజరు ఏయించుకున్నడో లేదో అడుగు."

"హాజరు ఎందుకురా, ఆడ బంగారం ఏరుకునుడే పని. మనకు గసోంటి బాయి దొరకలే."

వాళ్లు నవ్వుకుంటున్నారు. నేను మాత్రం ఎవడు ఎట్లా చస్తున్నాడో చూస్తున్నాను. అందరూ ఒకే తీరుగా చస్తున్నారు. మెట్లు దిగీ దిగగానే పరుగు. నడి గదిలోకి పోయి నిలబడితే నాలుగు దిక్కుల నుంచి ఎముకలు మూగుతాయి. దారిలో మందు సీసాలు దొరుకుతాయి. అవి తాగితే ఎర్ర పట్టీ నిండుతుంది. దొరికిన సీసా దొరికినట్టే చిన్న దెబ్బకు కూడా తాగేసి, అసలు దెబ్బ తగిలినప్పుడు చేతులు ఖాళీ.

"ఊళ్లె ఉన్న ఆ తెల్లగడ్డమాయన ఏం చేస్తడు?" అని మనవరాలిని అడిగాను.

"ఆయన తాన నిలబడితే దెబ్బలు మానుతయి అమ్మమ్మా. ఉత్తగనే."

"పైస తీసుకోడా?"

"తీసుకోడు."

"ఎన్నిసార్లు పోయినా?"

"ఎన్నిసార్లన్న పోవచ్చు. కని ఎవలు పోతరు? మల్ల మెట్లెక్కాలె, ఊరంత నడవాలె..."

నాకు దారి దొరికింది. కంపెనీ దవాఖాన ఉన్న ఊళ్లో కాపురం చేసినదాన్ని నేను. తలనొప్పికి కూడా బజారు మాత్ర కొనలేదు. కార్డు పట్టుకుని వరుసలో నిలబడి తెల్లగోళీ తెచ్చుకున్నాను. ఉత్తగా చూసే దవాఖాన పైన ఉండగా దారిలో సీసా ఎత్తి తాగేవాడిని ఏమనాలి? వాడు చావాల్సిందే.

అప్పుడు ఆ సెంటర్ ఆయన మైకులో మళ్లీ అన్నాడు, మనిషి బతికున్నంతసేపు కుర్చీ మీదే అని. నేను ఆయన వైపు చూశాను. సరే అనుకున్నాను. నీ మాటతోనే నిన్ను పట్టుకుంటాను.

మర్నాడు మధ్యాహ్నం కడుపునిండా తిని, అలసందల గుడాలు ఉడకబెట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బయలుదేరాను. మనవరాలిని, బీబీని వెంటబెట్టుకున్నాను. వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. నా వెనకవాళ్లను ముందుకు పొమ్మన్నాను. మళ్లీ వచ్చింది. మళ్లీ పొమ్మన్నాను.

"అమ్మమ్మా, మనదే గద," అన్నది మనవరాలు.

"ఆగు."

బీబీకి అర్థమైంది. ఆ జీపు రోజూ ఈ వేళకే వస్తుందని నాకు చెప్పింది ఆమే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి నా మోచేయి గిల్లింది. జీపు వచ్చి ఆగింది. ఆఫీసరు భార్య దిగింది, వెంట మీసాలవాడు. ఆమె అక్క కొడుకట, కోస్తా నుంచి సెలవులకు వచ్చాడట, ఇంజనీరింగ్ చదువుతున్నాడట. సెంటర్ ఆయన మైకు పట్టుకునే వాళ్లకు ఎదురు పోయాడు. ఆయన తిరిగి వచ్చేలోపు నేను తాడు దాటి కుర్చీలో కూర్చున్నాను.

"ఏందవ్వా, పిల్లకా?" అన్నాడు.

"నాకే."

చుట్టూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆయనకు మాతో ఒక మాట, జీపు దిగినవాళ్లతో ఒక మాట. అటు తిరిగి పుస్తకంలో ఉన్నట్టు చెప్పాడు. "క్షమించండి మేడమ్, ఒక్క నిమిషం. ముసలావిడ. ఇలా కూర్చుని అలా లేచిపోతుంది."

అది కూడా మైకులోనే అన్నాడు. గ్రౌండంతా విన్నది.

ఆ మౌసు అనేదాన్ని మొదట గట్టిగా నొక్కి పట్టుకున్నాను. నా మనిషి పోయి బావి గోడకు తగులుకుని అక్కడే కాళ్లు ఆడించాడు. అందరూ మళ్లీ నవ్వారు. పక్కన నిలబడ్డ మనవరాలు చెవిలో చెప్పింది. "మెల్లగ అమ్మమ్మా. కోడిపిల్లను పట్టుకున్నట్టు." తర్వాత నడక వచ్చింది. ఊరు దాటాను, కోటలోకి పోయాను, మెట్లు దిగాను. దిగి అక్కడే ఆగాను. లోపలి గదికి ఒక వాకిలి ఉంది. ఆ వాకిట్లో నా మనిషిని నిలబెట్టాను. లోపలికి పోలేదు. రావలసినవాళ్లే వస్తారు.

వచ్చాయి. వాకిలి ఇరుకు, ఒక్కొక్కటే రావాలి. ముందుదాన్ని కొట్టి పడేస్తే వెనకది వస్తుంది. నల్లా దగ్గర బిందెల్లాగా వరుసలో వచ్చాయి, వరుసలో పడ్డాయి. కత్తి దెబ్బ వేసినప్పుడల్లా నాకు ఎముకలు కనబడలేదు. నా మనవరాలి భుజం మీద పడ్డ చెయ్యి కనబడింది. ఇదిగో ఆ చెయ్యి. ఇదిగో ఆ మైకు. ఇదిగో ఒక్క నిమిషం మేడమ్. పళ్లు బిగించి కొట్టాను. వెనక నవ్వులు ఎప్పుడు ఆగాయో నాకు తెలియదు.

ఎర్ర పట్టీ సగానికి తగ్గింది. నేను వెనక్కి తిరిగాను.

"మామ్మగారూ, అటెక్కడికండీ?" అన్నాడు వెనక నుంచి మీసాలవాడు. "మీ దగ్గర సీసా ఉంది కదా, తాగించేయండి."

"ఎందుకు బిడ్డా, పైన దవాఖాన ఉన్నది గద."

మెట్లెక్కాను. కోట దాటాను. ఊరంతా నడిచి తెల్లగడ్డమాయన ముందు నిలబడ్డాను. పట్టీ నిండింది. మళ్లీ ఊరంతా నడిచి, కోట దాటి, మెట్లు దిగాను. మళ్లీ నాలుగింటిని కొట్టి మళ్లీ దవాఖానకు పోయాను. తాడు వెనక షిఫ్టు వాళ్లు మొత్తుకున్నారు.

"అవ్వా, గీ నడకకు నీకు లారీ పెట్టాలె."

"సిక్ లీవు మీదనే ఉన్నడురా ఈయన. డ్యూటీ ఎప్పుడు చేస్తడు?"

మధ్యలో తెర మీద ఏదో మెరిసింది. నా మనిషి ఒక మెట్టు పైకెక్కాడని, బలం పెంచాలా, చురుకు పెంచాలా, ప్రాణం పెంచాలా అని అడుగుతోందని మనవరాలు చదివి చెప్పింది. ప్రమోషన్ అన్నమాట. "బలం, బలం" అని వెనక నుంచి అరిచారు. నేను ప్రాణానికే పెట్టించాను. తర్వాత వచ్చిన ప్రమోషన్ కూడా ప్రాణానికే.

కుండలు ఒక్కటీ పగలగొట్టలేదు. దొరికిన సీసాలన్నీ సంచిలో దాచాను. ఒక గది నిండా ఎముకల గూళ్లు ఒకేసారి మీదికి వచ్చేటట్టు కనబడితే ఆ గది జోలికే పోలేదు. వరుసలో రానివాళ్లతో నాకు పని లేదు.

సెంటర్ ఆయన నా కుర్చీ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. "అవ్వా, ఇగ చాలు. వేరేటోళ్లు నిలబడ్డరు."

"నువ్వేమన్నవు మైకుల? మనిషి బతికున్నంతసేపు అనలే?"

"అన్న. కని ఇంతసేపు ఎవలు ఆడుతరు?"

"సావకపోతే నేనేం చెయ్యాలె? నీకోసం సంపుకోవాల్నా?"

తాడు వెనక షిఫ్టు వాళ్లందరూ ఒక్కసారే నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు. ఆయన ముఖం ఎర్రబడింది. బల్ల వెనక్కి పోయి వైర్లు ఉన్న చోట వంగాడు. బీబీ తాడు మీద నుంచి తల లోపలికి పెట్టింది. "భయ్యా, కరెంటు పోయిందని చెప్పకు. పక్కన రాట్నం తిరుగుతనే ఉన్నది. రామగుండం కరెంటు గంత జల్ది పోదు." ఆయన వంగినవాడు అట్లాగే లేచాడు.

ఆఫీసరు భార్యకు ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఆమె కూర్చోలేదు. మీసాలవాడు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూడవలసిన పని లేదు, వాడి బూట్ల చప్పుడు వింటూనే ఉన్నాను. ఆ చప్పుడు నాకు చెవులకు ఇంపుగా ఉంది.

చివరికి ఒక పెద్ద తలుపు దగ్గరకు వచ్చాను. ఎంత కొట్టినా తెరుచుకోలేదు. తెర మీద అక్షరాలు వచ్చాయి. మనవరాలు చదివింది.

"ఇగ లేదట అమ్మమ్మా. ఇక్కడిదాకనే డెమో. మిగిలింది కావాల్నంటే అసలు ఆట కొనుక్కోవాలట."

సెంటర్ ఆయన ప్రాణం లేచి వచ్చినట్టు మైకు ఎత్తాడు. "అయిపోయింది. అవ్వ గెలిచింది. అందరు సప్పట్లు కొట్టండి. తర్వాత వాళ్లు రండి."

ఎవరో చప్పట్లు కొట్టారు కూడా. నేను లేవలేదు.

"మనిషి సచ్చిండా?" అని అడిగాను.

"సావలే. ఆట అయిపోయింది."

"ఆట అయిపోతే లేవాలని నువ్వు అనలే. మనిషి సస్తే లేవాలన్నవు. నా మనిషి ఉన్నడు."

అక్షరాలను తుడిచేసి, నా మనిషిని మెట్లెక్కించి, ఊళ్లోకి నడిపించి బావి పక్కన నిలబెట్టాను. ఆ ఊళ్లో ఎవరూ ఎవరినీ కొట్టరు. మౌసు మీద నుంచి చెయ్యి తీశాను. ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని మూత తీశాను. గుడాలు తినడం మొదలుపెట్టాను. మనవరాలికి పిడికెడు, తాడు మీద నుంచి బీబీకి పిడికెడు ఇచ్చాను. తెర మీద నా మనిషి బావి దగ్గర నిలబడి ఊపిరి తీస్తున్నాడు. వాడికి ఏ తొందరా లేదు.

"అవ్వా, ఏందిది?" అన్నాడు సెంటర్ ఆయన. మైకు కింద పెట్టి, గొంతు తగ్గించి. "ఏం కావాలె నీకు? పిల్లకు ఫీజు లేకుండ నేర్పియ్యాల్నా?"

"నీ ఫీజు నాకెందుకు? మొన్న ఈ బిడ్డను కుర్చీల నుంచి లేపినవు. అప్పుడు దీని మనిషి బతికి ఉన్నడా, సచ్చిండా?"

ఆయన మనవరాలి వైపు చూశాడు. గుర్తు కూడా లేదు ఆయనకు. అది చూసి నా ఒళ్లు మరింత మండింది. నేను రాత్రంతా నిద్ర లేకుండా మోసింది, ఆయనకు గుర్తుంచుకునేంత సంగతి కూడా కాదు.

"మైకుల చెప్పు," అన్నాను. "మొన్న మైకుల పిలిచి కూసోబెట్టినవు. మైకుల చెప్పు, ఆట అయిపోకముందే లేపిన అని."

"గంత చిన్న సంగతికి మైకు ఎందుకవ్వా?"

"అయితే కూసుంట. గుడాలు శానా ఉన్నయి."

అప్పుడు ఆఫీసరు భార్య ముందుకు వచ్చింది. నన్ను కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే ఇవ్వవలసిన జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె నాతో మాట్లాడలేదు. అక్క కొడుకును అడిగింది.

"ఒరేయ్, మొన్న నువ్వు ఈ పిల్లని లేపి కూర్చున్నావా?"

"నేను లేపలేదు పిన్నీ. ఆయనే రండి సార్ అన్నాడు."

"ఆయన అంటే? నీకు కళ్లు లేవా? చిన్నపిల్ల ఆడుకుంటుంటే వెళ్లి కూర్చోడానికి సిగ్గు లేదూ?"

"పిన్నీ, అందరూ వింటున్నారు."

"వినాలనే అంటున్నాను."

మీసాలవాడు తల దించుకున్నాడు. సెంటర్ ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరి కోసం నా మనవరాలిని లేపాడో వాళ్లే ఇప్పుడు ఆయన వైపు లేరు. మైకు ఎత్తాడు. "మొన్న జరిగిన చిన్న పొరపాటుకు చింతిస్తున్నాము" అని మొదలుపెట్టాడు, ఆ పుస్తకం మాటల్లో.

"గట్ల కాదు," అన్నాను. "మాతోని మాట్లాడేటట్టు చెప్పు. లేవు పిల్లా అన్నప్పుడు ఏ మాటల అన్నవో, ఆ మాటలనే చెప్పు."

పక్కన రాట్నం కిర్రుమంటోంది.

"మొన్న ఈ బిడ్డ మనిషి సావకముందే నేను లేపిన," అన్నాడు. "వంతు ఆమెదే ఉండె. తప్పు నాదే."

గ్రౌండంతా విన్నది. బజ్జీల బండి దగ్గర వాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. నేను టిఫిన్ మూత పెట్టి లేచాను. "అడుగు మల్ల. కూసోమను," అన్నాను. ఆయన కుర్చీ వెనక్కి లాగి, "కూసో బిడ్డా" అన్నాడు.

మనవరాలు కూర్చుంది. నా మనిషి అక్కడే ఉన్నాడు. నిండా ప్రాణంతో, సంచి నిండా సీసాలతో. ఎంత జాగ్రత్తగా కూడబెట్టి అప్పగించాను. అది మౌసు పట్టుకుని ఏం చేసిందనుకున్నారు? ఒక్క పరుగున మెట్లు దింపి, నేను జోలికి పోని ఆ నిండు గదిలోకి, నడిమధ్యకు తీసుకుపోయింది. నాలుగు దిక్కుల నుంచి మూగాయి. సీసాలు ఒకటి వెనక ఒకటి గటగటా తాగించింది. నేను పోగుచేసినవన్నీ చిటికెలో అయిపోయాయి. మనిషి అరిచి పడిపోయాడు. ఆ పిల్ల నవ్వుతోంది. సెలవులకు వచ్చినప్పటి నుంచి అట్లా నోరు తెరిచి నవ్వడం నేను చూడలేదు.

ఇంకా కూర్చోమందామని నేను నోరు తెరిచేలోపే అది లేచింది. వెనక్కి తిరిగి మీసాలవాడితో "అన్నా, ఇగ మీరు కూసోండ్రి" అన్నది.

నాకు కోపం వచ్చింది. దారిలో అడిగాను. "వానికి జాగ ఎందుకిచ్చినవు? ఇంకో పూట నిలబెడుదును."

"నా మనిషి సచ్చిండు అమ్మమ్మా. ఇగ వంతు ఆయనదే."

నల్లా దగ్గర నేను పదిమందికి చెప్పే మాటే అది. వాళ్లకంటే ముందు నడిచాను. వెనక బీబీ నవ్వుతోందని తెలుసు. తిరిగి చూడలేదు. అయినా ఒకటి చెప్తాను. వంతు సంగతి వేరు, నా కసి సంగతి వేరు. ఒక్కసారి మైకులో అన్నంత మాత్రాన నేను ఆయనను వదిలేశానని ఆయన అనుకుని ఉంటే పొరబడ్డాడు.

మర్నాడు మళ్లీ పోయాం. వరుస పొడుగ్గా ఉంది, బజ్జీల బండి దాకా. మేము చివర నిలబడ్డాం. సెంటర్ ఆయన దూరం నుంచే మమ్మల్ని చూశాడు. మాట మధ్యలో ఆగిపోయి, మైకు పక్కన పెట్టి వేగంగా వచ్చాడు.

"అవ్వా, నువ్వు ఇక్కడెందుకు నిలబడ్డవు? రా బిడ్డా, ముందల కూసోబెడుత."

పిల్ల ఒక అడుగు వేసింది. నేను దాని జడ పట్టుకుని ఆపాను.

"వరుసలనే నిలబడుతం," అన్నాను. "మా ముందట ఉన్నోళ్లు మనుషులు కారా?"

"జెర ఫికర్ లేదవ్వా, నేను చెప్తున్న గద."

"నువ్వు పోయి మైకు పట్టుకో."

ఆయన పోయాడు. మైకు ఎత్తి రండి, రండి అన్నాడు గానీ కళ్లు మా వైపే ఉన్నాయి. ఒక్కలకు ఒక్కటే ప్రాణం అన్న దగ్గర తడబడి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. మా వంతు రావడానికి చాలాసేపు పట్టేటట్టుంది. పట్టనీ. అంతసేపూ ఆయన మమ్మల్ని చూస్తూ నిలబడాలి. నేను చెంగు నడుముకు బిగించి, కాలు కదపకుండా ఆయనకు ఎదురుగా నిలబడ్డాను.